కమలాతొక్క పొర

ఇంకో గంట ఆగితే ఆరుతుంది. మూత తీయకూడదు. తీసి చూడమని చెయ్యి పీకుతున్నా తీయకూడదు. గాజు పళ్లెం, దాని మీద గాజు మూత, మూతకు ఒక పక్క అగ్గిపుల్ల పట్టేంత సందు. ఆ సందులోంచి ముందు ఆల్కహాల్ వెళ్లిపోతుంది, దాని వెనకాలే తొందర లేని మనిషిలా నీరు వెళుతుంది, రెండూ వెళ్లిపోయాక అడుగున మిగిలేది ఉల్లిపొరకన్నా పల్చనిది ఒకటి. దాని కోసం సెలవురోజు మధ్యాహ్నం ఎవరూ లేని ల్యాబులో స్టూలు మీద కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నాను. ఎవరూ లేరనడం తప్పు, ఆ మూల కిటికీ దగ్గర మా ల్యాబు పెద్దాయన ఉన్నాడు, పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాడు. మేమంతా ఆయన్ని చాటున ఆగండిగారు అంటాం. ఏ మాట చెప్పబోయినా ముందు ఆగండి అంటాడు. పెద్దమ్మ కోసం ఒక పొర చేసుకుంటానండీ, సెలవురోజు తాళాలు కావాలండీ అని అడిగినప్పుడు కూడా ఆగండి అన్నాడు. ఆగాను. అన్నీ తినే సరుకులేనా అని ఒక్కో సీసా పేరూ అడిగాడు. తర్వాత మేం పండ్లకు పూత పూసే శుభ్రమైన బల్ల నాకిచ్చి, పొద్దున్నే నాకన్నా ముందు వచ్చి తాళం తీశాడు. కుండీలో మొక్కకు నీళ్లు పోయాలని వచ్చాను అన్నాడు. ఆ మొక్క ప్లాస్టిక్‌ది.

సాయంత్రంలోగా పెద్దమ్మ గొట్టం సంగతి తేలాలి. ముక్కులోంచి కడుపులోకి వేసిన గొట్టం పొద్దున పూడుకుపోతే తీసేశారు. కొత్తది పట్టుకుని నర్సు దగ్గరకు రాగానే పెద్దమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. వద్దు అంది. డాక్టరు మంచం పక్కన కూర్చుని, అది లేకపోతే లోపలికి ఏమీ పోదమ్మా అని నెమ్మదిగా చెప్పాడు. తెలుసు అంది. తెలిసే వద్దంది. అదే నాకు మింగుడుపడటం లేదు. మింగుడుపడటం లేదు! ఈ మాట ఇన్నేళ్లుగా ఎంత సులువుగా అనేశాను, ఆఫీసులో ఎవరికో ప్రమోషన్ వస్తే, మా ఆయన చెప్పకుండా సోఫా మారిస్తే. పెద్దమ్మ మెదడులో ఎక్కడో ఒక చిన్న నరం చిట్లింది, చెయ్యి కొంచెం బరువైంది, మాట కొంచెం ముద్దైంది, రెండూ చాలావరకు తిరిగొచ్చాయి. మింగడం మాత్రం రాలేదు. మంచినీళ్లు చెంచాడు పోసినా ఊపిరితిత్తుల దారి పడుతున్నాయి. గుటక వేయడమనేది ఒకరు నేర్పితే వచ్చేదని నాకు తెలియదు, ఆస్పత్రిలో దానికో టీచరుంది. నెమ్మదైన పిల్ల, చేతులెప్పుడూ వెచ్చగా ఉంటాయి. పెద్దమ్మ ఆవిడకి మింగుడు టీచరని పేరు పెట్టింది. రోజూ వచ్చి గొంతు మీద వేళ్లు పెట్టి మింగండి మింగండి అంటుంది, ఏం మింగనమ్మా గాలా అని పెద్దమ్మ అడుగుతుంది. ఆవిడే ఒకరోజు వరండాలో నాతో అంది, నాలుకకు రుచి తగిలితే మింగే బుద్ధి దానంతటదే పుడుతుందండీ, కానీ ద్రవం ఇవ్వలేను, ముక్క ఇవ్వలేను, దూదికి నిమ్మరసం అద్ది పెడితే ఆవిడ ఉమ్మేస్తున్నారు. గచ్చు కడిగే మందులా ఉందిట. నాలుక మీద పెట్టగానే పూర్తిగా కరిగిపోయేది, చిన్న పొర లాంటిది ఏదైనా ఉంటే! నలుసంతైనా మిగలకూడదు. మిగిలితే జ్వరం, నిమోనియా, ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

నేను చేసే ఉద్యోగమే అది. మొక్కల్లోంచి తీసిన చక్కెర గొలుసుల్ని కరిగించి, పళ్లెంలో పోసి, ఆరబెట్టి, పొరలు తీయడం. ఆపిల్ మీద పూసే పొర, బిస్కెట్‌కు చుట్టే పొర, కవరుతో సహా తినేయొచ్చని కంపెనీ చెప్పుకునే పొర. నేనేం పని చేస్తానో పెద్దమ్మకు ఎప్పుడూ సరిగ్గా అర్థం కాలేదు, అడిగినవాళ్లకు మా అమ్మాయి జిగురు చేస్తుంది అని చెప్పేది. మా అమ్మాయి అనేది, మా చెల్లెలి కూతురు అనేది కాదు. ఏం కావాలి పెద్దమ్మా, ఏ రుచి తెమ్మంటావు అని అడిగాను. ఆలోచించకుండా కమలాపండు అంది. తర్వాత చాలాసేపు కిటికీవైపు చూసి, లాస్టు స్టాపులో తిన్నట్టు ఉండాలి అంది.

లాస్టు స్టాపు అంటే రేకుల షెడ్డు, ఒక కుళాయి, వాడేసిన టైర్లు. పెద్దమ్మ సిటీ బస్సు నడిపేది. అమ్మకు మిల్లులో మధ్యాహ్నం షిఫ్టు, ఇంట్లో ఎవరూ ఉండరు, అందుకని బడి వదిలాక నేను పెద్దమ్మ బస్సెక్కి డ్రైవరు సీటు వెనక కూర్చునేదాన్ని, అక్కడే లెక్కలు చేసేదాన్ని, అక్కడే నిద్రపోయేదాన్ని. టికెట్టు లేని దానివి నువ్వొక్కదానివేనే అని నన్ను టికెట్టూ అని పిలిచేది. ఇప్పటికీ అదే పేరు. వార్డులో నర్సులక్కూడా నేను టికెట్టే. అద్దంలో పెద్దమ్మ కళ్లు మాత్రమే కనబడేవి, ఆ కళ్లను బట్టి ముందు రోడ్డు ఎలా ఉందో చెప్పేదాన్ని. ఇంత పొడవాటి బస్సు నడిపే ఆడమనిషికి సంబంధాలు చూసేందుకు ఎవరెవరో వచ్చేవారు, పెళ్లెందుకు చేసుకోలేదు పెద్దమ్మా అని పెద్దయ్యాక అడిగితే, నా బండి ఎక్కిన ప్రతివాడూ ఎక్కడో ఓ చోట దిగిపోయేవాడే కదే అంది. నవ్వాను. నవ్విందో లేదో అద్దంలో చూడలేదు. లాస్టు స్టాపులో ఇంజన్ ఆపగానే బస్సంతా ఒక్కసారి ఊపిరి వదిలేది, అప్పుడు సీటు కింద సంచిలోంచి కమలాపండు తీసేది. తొక్క ఒక్క ముక్కగా రావాలి, తెగితే ఆ పండు నాకు, తెగకపోతే తనకు, అదీ పందెం. తెగకుండా వచ్చిన రోజు కూడా పండు నాకే ఇచ్చేది, నాకు కడుపు నిండుగా ఉందే అని. తొక్క మడిచి నా మొహం ముందు నొక్కేది, సన్నటి తుంపర, కళ్లు భగ్గున మండేవి, నేను అరిచేదాన్ని, ఆ వాసనకే మళ్లీ దగ్గరికి వెళ్లేదాన్ని. తర్వాత అదే తొక్కతో అరచేతుల జిడ్డు తుడుచుకునేది, నల్లటి గ్రీజు కరిగి పోయేది. అది చూసి ఆశ్చర్యపోయే నేను కెమిస్ట్రీ చదివానని చెబితే వినడానికి బాగుంటుంది, కానీ అబద్ధం. ఆ కాలేజీలో ఆ సీటే మిగిలింది.

గడియారం వైపు చూడకూడదు. మూతలోపల ఆవిరి పట్టింది, అంచుల దగ్గర తగ్గుతోంది, మంచిదే. కమలాతొక్కలో నాకు కావలసినవి రెండు. తొక్కలోని తెల్లటి భాగంలోంచి పెక్టిన్, అది పొర అవుతుంది. పైన నారింజరంగు చుక్కల్లోంచి నూనె, అది వాసన. ఒకే తొక్కలో పుట్టి పెరిగినవి, వేలెడు దూరం కూడా లేదు, అయినా ఒకదాని మొహం ఒకటి చూడవు. పెక్టిన్‌కు నీళ్లంటే ప్రాణం, నీళ్లలో వేస్తే కాళ్లు చాపుకుని పడుకుంటుంది, మెల్లగా సాగి, విప్పుకుని, అద్దంలాంటి పొర కడుతుంది. నూనెకు నీళ్లు గిట్టవు. ఉత్త నీళ్లలో చేసిన మొదటి పొర చక్కగా కరిగింది కానీ దానిమీద నూనె చెమటబొట్లలా పైకి తేలి తుడుచుకుపోయింది, నోట్లో పెట్టుకుంటే తడి కాగితం. నూనె కలవాలంటే ఆల్కహాల్ కావాలి. ఆల్కహాల్ పోస్తే పెక్టిన్ అలుగుతుంది. గొలుసులన్నీ ముడుచుకుని ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉండ కట్టేస్తాయి, విరిగిన పాలలా. రెండో పొర అలాంటిదే, తెల్లగా, పెళుసుగా, చేప పొలుసులా వచ్చింది. వాసన మాత్రం అమోఘం. నా నాలుక మీద పెట్టుకుంటే పొర పోయి ఇసుక మిగిలింది. ఆ ఇసుక పెద్దమ్మ గొంతులోకి వెళ్తే అనుకున్నాను, అనుకుని సింకులో ఉమ్మి, నోరు పుక్కిలించాను. మూడోసారి ఓపిక పట్టాను. ముందు పెక్టిన్‌ను నీళ్లలో పూర్తిగా విప్పుకోనిచ్చి, మెత్తదనానికి కాస్త గ్లిజరిన్ కలిపి, నూనె కరిగించిన ఆల్కహాల్ కొంచెమే తీసుకుని చుక్కచుక్కగా, తిప్పుతూ తిప్పుతూ, అలగకుండా. కలిసింది. గొప్పగా ఫ్యాను కింద ఆరబెట్టాను. ఆల్కహాల్ పారిపోతూ పారిపోతూ వాసన చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది, పైన ముందే చర్మం కట్టి, కింద తడి ఉండిపోయి, పొర ముడతలు పడింది. అందుకే ఇప్పుడీ మూత. అందుకే ఈ సన్నటి సందు. పొమ్మనకూడదు, ఉండమనకూడదు.

అమ్మ పోయిన రోజు పెద్దమ్మ యూనిఫాంలోనే కాలేజీకి వచ్చింది. నాకు విషయం చెప్పలేదు, రావే అంది అంతే, నాకు తెలిసిపోయింది. గేటు బయట బస్సు నిలబడి ఉంది, ఖాళీగా, ముందు బోర్డు మీద సర్వీసు లేదు అని. అలా బస్సు తీసుకురావడం నేరమని, తర్వాత దానికి సంజాయిషీ రాసుకుందని చాలా కాలానికి గానీ తెలియలేదు. నా పాత సీటులో కూర్చున్నాను. ఇంటికి తిన్నగా తీసుకెళ్లలేదు. రూటంతా తిప్పింది, ఒక్కో స్టాపులో ఎప్పటిలానే బండి నెమ్మది చేసి, ఎక్కేవాళ్లకు చెయ్యి ఊపి లేదని చెప్పి. నాకు ఏడుపు రాలేదు. అద్దంలో పెద్దమ్మ కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. పోయింది ఆవిడ చెల్లెలు కూడా కదా అని నాకు అప్పుడు తట్టలేదు, ఎప్పుడో చాలా తర్వాత, నాకు పెళ్లయ్యాక, గిన్నెలు కడుగుతుంటే తట్టింది, చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. లాస్టు స్టాపులో పండు ఒలిచి తొన ఇచ్చింది, నేను తినలేకపోయాను. అప్పుడు తనే తినడం మొదలుపెట్టింది. ఒక్కో తొన నోట్లో పెట్టుకుని, నమిలి, కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా, మింగి, మళ్లీ ఇంకొకటి. అది చూశాక నాకు ఏడుపొచ్చింది. అలా తిన్న మనిషికి ఇప్పుడు గుటక పడటం లేదు.

"ఆగండి," అంటూ ఆగండిగారు లేచి వచ్చాడు. "నిన్న నూనె వేయకుండా నమూనా చేశారు కదా, అదొక ముక్క నాకివ్వండి."

"కరుగుతుంది సార్. నేను చూశాను."

"మీ నోట్లో చూశారు. నాకూ ఇవ్వండమ్మా."

ఎదురుచెప్పే ఓపిక లేక మధ్యలోంచి చిన్న ముక్క కత్తిరించి ఇచ్చాను. నాలుక మీద పెట్టుకున్నాడు, కళ్లు మూసుకున్నాడు. నేను మూతవైపు చూస్తూ నిలబడ్డాను. ఎంతకీ కళ్లు తెరవడు. చివరికి వేలు నోట్లో పెట్టి అంగిలి గీకుతూ, "అతుక్కుందమ్మా," అన్నాడు ఇబ్బందిగా, "బీపీ మాత్రలు వేసుకుంటా కదా, నా నోరు ఎప్పుడూ ఎండిపోయే ఉంటుంది. పేషెంటు నోరు ఎలా ఉంటుందో?"

పెద్దమ్మ నోరు. పొడిబారి, చీలి, పగుళ్లు తేలిన పెదాలు. వారాల తరబడి ఏమీ మింగని నోరు. రోజూ దూది తడిపి తుడుస్తున్న నోరు. నేనే తుడుస్తున్నాను, నా చేతులతో నేనే, అయినా పొరలు మాత్రం నా తడి నాలుక మీద పరీక్షించుకుంటున్నాను, ఉదయం కాఫీ తాగి, మధ్యాహ్నం భోజనం చేసి వచ్చిన నాలుక మీద. కరగడానికి నీరు కావాలి, ఆ నీరు ఆవిడ నోట్లో లేదు. ఇది నాలుక మీద కూడా కాదు, గొంతు దగ్గర అతుక్కుంటే. కొత్త పొర పోసే వ్యవధి లేదు. మింగుడు టీచరుకు ఫోన్ చేసి వద్దని చెప్పేయనా అనుకున్నాను. గ్లిజరిన్ పెంచితే, పెక్టిన్ తగ్గిస్తే, అన్నీ రేపటి మాటలే, గొట్టం వద్దన్న మనిషి రేపటికి ఎలా ఉంటుందో. స్టూలు మీద కూలబడ్డాను. ఆయన నా మొహం చూడకుండా నమూనా పొరను కిటికీ వెలుగుకెత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. "ఈ పక్క ఎందుకింత పల్చగా ఉంది?" అన్నాడు. లేచి చూశాను. నిజమే. ఒక పక్క మందం, రెండో పక్క దాదాపు లేనట్టే ఉంది, వేలిముద్ర కూడా అవతలికి కనబడుతోంది. నేను బల్ల మట్టం చూసుకోలేదు. పళ్లెం పోసేముందు మట్టం చూడాలని కొత్తగా చేరినవాళ్లందరికీ నేనే పాఠం చెబుతాను, తొందరలో నేనే చూడలేదు, బల్ల గోడవైపు కాస్త ఎత్తుగా ఉంది, ద్రవమంతా ఇటు జారింది, ఇవాళ్టి పళ్లెమూ అదే బల్ల మీద ఉంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ పల్చటి అంచులోంచి ముక్క కత్తిరించాను. ఆయన నాలుక రుమాలుతో తుడుచుకుని మరీ చాపాడు, జీవితంలో ఎవరి ముందూ నాలుక చాపి ఉండడు. పెట్టాను. కళ్లు మూసుకోకుండానే, "పోయింది," అన్నాడు. వేలితో అంగిలి తడిమి, పళ్ల వెనక తడిమి, మళ్లీ, "ఏమీ లేదు. పోయింది," అన్నాడు. అయినా నమ్మకుండా ఇంకొకటి పెట్టమన్నాడు.

మూత తీశాను. గోడవైపు అంచు, ఇవాళ్టిది, నూనెతో సహా. బ్లేడు మొనతో లేపితే చప్పుడు కూడా లేకుండా లేచింది, అద్దంలా కాదు, లేత పసుపు పొగమంచులా. సగం మందానికి సగం వాసనే ఉంటుంది, సరిపోతుందో లేదో, ఆ ముక్కు ఇన్ని వారాలు గొట్టం మోసిన ముక్కు. బటర్ పేపర్ మడతల మధ్య పెట్టి, డబ్బాలో పెట్టి, డబ్బా వంచకుండా గుండెకు పట్టుకుని నడిచాను. ఆస్పత్రి రెండు వీధుల అవతల. సైకిళ్లు, కుక్క, బట్టలషాపు ముందు నిలబడ్డ ప్లాస్టిక్ బొమ్మలు, ఎవరో టైమెంతండీ అని అడిగారు, చెప్పానో లేదో గుర్తులేదు. ఆగండిగారు నా వెనకే నాలుగడుగుల దూరంలో వస్తున్నాడు, అటే పనుందన్నాడు.

మింగుడు టీచరు మంచం తల ఎత్తించి, పెద్దమ్మ గడ్డం కొంచెం కిందికి దించి, తడి దూదితో పెదాలు ఒత్తింది. వేళ్లు గొంతు మీద పెట్టింది. పక్కన నర్సు, గొంతులో ఏదైనా అడ్డుపడితే లాగేసే యంత్రం సిద్ధంగా పెట్టుకుంది. పెద్దమ్మ నన్ను పైనుంచి కిందికి చూసి, "నీ మొహమేంటే అలా ఉంది, నేనా మింగేది నువ్వా?" అంది. మాట ముద్దగానే ఉంది, వెటకారం మాత్రం స్పష్టంగా ఉంది. నాలుక చాపింది. పొర పెట్టాను. నోరు మూసుకుంది.

ఏమీ జరగలేదు. కిటికీ కర్టెన్ కదిలింది. పెద్దమ్మ కనురెప్పలు వాలాయి, ముక్కుపుటాలు ఒకసారి విచ్చుకున్నాయి, నుదుటి మీద ముడత ఒకటి లేచి మెల్లగా సర్దుకుంది. అప్పుడు బుగ్గ లోపల ఏదో కదిలినట్టైంది, మూసిన పెదాల మూల తడి మెరిసింది, అది ఎక్కడినుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు, నేను నీళ్లేమీ ఇవ్వలేదు కదా. టీచరు వేళ్లకింద గొంతు ఒక్కసారి పైకి లేచి దిగింది. "మింగారు," అంది ఆవిడ గుసగుసగా. స్టెతస్కోపు గొంతుకూ ఛాతీకీ పెట్టి వింది, నోరు తెరిపించి టార్చి వేసి చూసింది, ఎక్కడా ఏమీ లేదంది. పెద్దమ్మ కళ్లు తెరిచి చేత్తో పెదవి తుడుచుకుని, ఆ తడి వేళ్లు తనే వింతగా చూసుకుంది.

"నోరూరిందే టికెట్టూ," అంది.

ఆ వేళ్లు పట్టుకున్నాను.

"కమలాపండేనా?"

"తొక్క," అన్నాను. "తొక్కలోంచి చేశా పెద్దమ్మా."

"ఇన్నాళ్లకి నా నోట్లో ఏదో ఒకటి పెట్టావు," అంది, "అదీ తొక్కేనా?" అని, నవ్వబోయి దగ్గింది. నర్సూ టీచరూ నేనూ ఒకేసారి మంచం మీదికి వంగాం. ఉత్త నవ్వే, నవ్వుకు వచ్చిన దగ్గే. టీచరు మళ్లీ విని తల ఊపింది. తలుపు దగ్గర ఆగండిగారు గోడకేసి తిరిగి కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. పెద్దమ్మ ఆయన్ని చూసి, ఎవరీయన, జిగురు కంపెనీ ఆయనా అని అడిగింది, ఆయన నమస్కారం పెట్టాడు. తర్వాత ఆవిడ దిండు మీద వెనక్కి వాలి, నోట్లో మిగిలిన వాసనను నాలుకతో వెతుక్కుంది. డాక్టరు వచ్చాడు. ఆయన ఏదో అడగబోయేలోపు పెద్దమ్మే చెయ్యెత్తి, వెనకనుంచి వచ్చే బండిని ఆపినట్టు ఆపింది.

"వెయ్యండి గొట్టం," అంది. "ఎడం ముక్కులో వెయ్యండి. కుడిదాంతో వాసన చూసుకోవాలి."